ఎత్తిపోతల ప్రాజెక్టు గిట్టుబాటవుతుందో లేదో తేల్చడం ఎలా?

కావలసినవి: డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక), ఆ నది పాత వరదల, కరువుల రికార్డులు, కరెంటు టారిఫ్ ఉత్తర్వులు, ఒక స్ప్రెడ్‌షీట్. కన్సల్టెంట్ల రంగురంగుల స్లైడ్లు పక్కన పడేయండి.

ముందు ఏటా అయ్యే ఖర్చులు ఒక వరుసలో వేయండి: పెట్టుబడి మీద వడ్డీ, తరుగుదల, కరెంటు, మరమ్మతులు. పునరావాసం పెట్టుబడిలో చేరిందో లేదో చూసుకోండి. పక్కన లాభాలు వేసి, వాటిని ఖర్చులతో భాగిస్తే బీసీ రేషియో, అంటే లాభవ్యయ నిష్పత్తి. సాగునీటి ప్రాజెక్టుకు మామూలుగా 1.5 ఉండాలి, కరువు ప్రాంతాల్లో 1 చాలు. పూడికనూ లెక్కలోకి తీసుకోండి. 1953లో 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర జలాశయంలో ఇప్పుడు 105 చిల్లరే పడుతున్నాయి.

1.5ను వెంట్రుకవాసిలో దాటిన రేషియో కనబడితే దిగుబడుల పేజీలు, కరెంటు పేజీలు మళ్లీ చదవాల్సిందే. కాళేశ్వరానికి 1.51 చూపించారు. కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) లెక్కలో అది 0.52కి దిగింది.

ఇక అసలు చిక్కు. చాలామంది ఖర్చు 10 శాతం పెంచి చూస్తారు, ప్రాజెక్టు నిలబడుతుంది. ఖర్చును మళ్లీ పాత అంకెకు తెచ్చి లాభాలు 10 శాతం తగ్గిస్తారు, అప్పుడూ నిలబడుతుంది. ఇంకేం, సంతకం! ఇలా విడివిడిగా చూస్తే ఏదైనా నిలబడుతుంది. 1.5 ఉన్న ప్రాజెక్టు 1కి, అంటే లాభాలు ఖర్చులకు సరిసమానమయ్యే చోటికి, దిగాలంటే ఖర్చు ఒక్కటే సగం పెరగాలి, లేదా లాభాల్లో మూడో వంతు పోవాలి. అదే ఖర్చు 20 శాతం పెరిగి, లాభం 20 శాతం తగ్గితే చాలు, సరిగ్గా 1.

పైగా ఇవి కలిసే వస్తాయి. వానలు లేని ఏడు ఎత్తిపోయడానికి నదిలో నీళ్లుండవు. జలవిద్యుత్ పడిపోతుంది, ఊళ్లో బోర్లన్నీ నడుస్తాయి, బయట కొనే కరెంటు ధర పెరుగుతుంది. ఈ నాలుగింటినీ ఒకే ఏడాది కింద వేయండి, దయచేసి విడదీయకండి. వానలు బాగా కురిసిన ఏడు కూడా మంచిదే అనుకోవద్దు: పొలాలకు ఎత్తిపోత నీటి అవసరం తగ్గుతుంది, వరద ముప్పు పెరుగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అదే వరదలో కాళేశ్వరం పంప్‌హౌస్‌లు మునిగాయి.

కొందరు ఒక్కో పరిస్థితికీ ఇంత సంభావ్యత అని తగిలించి సగటు తీస్తారు. యాభై ఏళ్ల తర్వాతి రుతుపవనాలకు ఆ శాతాలు ఎవరిచ్చారు? సగటు ఏడాదిలో పంప్‌హౌస్ మునగదు. కాబట్టి జోస్యం మానేసి, ఎంత చెడితే రేషియో 1 కంటే కిందికి పోతుందో వెతకండి. ఆపైన పాత రికార్డులు తీసి అంత చెడ్డ ఏడు ఇదివరకు వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే ఫైలు వెనక్కి పంపాలి, బేరాల్లేవు.

గట్టెక్కిన ప్రాజెక్టును దశలుగా విడగొట్టండి. లండన్ వరద రక్షణకు 2012లో ప్రకటించిన థేమ్స్ ప్రణాళిక ఈ పద్ధతిదే: సముద్ర మట్టం పెరుగుదలను గమనిస్తూ తర్వాతి పని ఎప్పుడన్నది తేలుస్తారు. మన దగ్గరైతే పంప్‌హౌస్‌లో అదనపు మోటార్లకు చోటు వదిలి, ముందు కొన్నే బిగించాలి. నిజంగా ఎన్ని ఎకరాలు తడిశాక తర్వాతి మోటారు కొనాలో డీపీఆర్‌లోనే రాయించండి. ఎకరాల లెక్క రెవెన్యూ అడంగల్ (ఊరి సాగు రికార్డు) నుంచి తీసుకోవాలి, ప్రాజెక్టు ఆఫీసు నుంచి కాదు.