పది మీటర్లలో కుదిరిన గ్రూప్ యాభై మీటర్లలో చెదిరిపోతే: ఎయిర్ రైఫిల్ పెల్లెట్ల ఎంపికలో సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల తోటల్లో మట్టికట్ట ముందు కార్డు నిలబెట్టి షూటింగ్ సాధన చేసే వాళ్లు నాకు చెప్పే సమస్య చాలావరకు ఒకటే. 4.5 మి.మీ. రైఫిల్‌తో పది మీటర్ల దూరంలో పెల్లెట్లన్నీ ఒకే రంధ్రంలోంచి పోతున్నాయి, కానీ కార్డును యాభై మీటర్లకు జరిపేసరికి అరచేయంత మేర చెదిరిపోతున్నాయి. వెంటనే కొత్త స్కోప్ కొనాలా, స్ప్రింగ్ మార్పించాలా అని అడుగుతారు. ఆ ఖర్చులకు దిగేముందు చేయవలసిన పని మరొకటి ఉంది.

మొదట స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) స్క్రూలు, ఆ తరువాత స్కోప్ మౌంట్ స్క్రూలు బిగించండి. స్ప్రింగ్ రైఫిల్ ప్రతి షాట్‌కూ ముందుకూ వెనక్కూ కుదుపుతుంది కనుక, నిన్న బిగించిన స్క్రూ ఇవాళ సడలి ఉండవచ్చు. "చూశామండీ" అన్నవాళ్ల రైఫిళ్లలో కూడా నా స్క్రూడ్రైవర్ పావు చుట్టు తిరిగిన సందర్భాలు లెక్కలేనన్ని. దయచేసి కంటితో చూడకండి, చేతితో బిగించి చూడండి.

ఆ తరువాత ఒకే పూట, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో, పది మీటర్లలో ఐదు, ఇరవై ఐదులో ఐదు, యాభైలో ఐదు షాట్లు కొట్టి గ్రూపులను, అంటే కార్డు మీద ఆ ఐదు రంధ్రాలు పరచుకున్న మేరను, కొలవండి. పది మీటర్లలో 4 మి.మీ. గ్రూప్ వస్తే, దూరం ఐదింతలైనప్పుడు అది 20 మి.మీ. దరిదాపుల్లో ఉండడం సహజం. పది మీటర్లలోనే గ్రూప్ పెద్దదిగా ఉండి, దూరంతోపాటు అదే లెక్కన పెరుగుతూ పోతే, లోపాన్ని రైఫిల్‌లోనో, పట్టులోనో వెతకాలి. దగ్గరలో చక్కగా ఉండి, యాభై మీటర్లలో 70, 80 మి.మీ.కి పెరిగిందంటే, పెల్లెట్ గాలిలో స్థిరంగా ప్రయాణించడం లేదనే ముందుగా అనుమానించాలి.

చెదురు అడ్డంగా ఉంటే

ఇది గాలి పని. మన తీరంలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. సెకనుకు రెండు మీటర్ల మెల్లని అడ్డగాలి కూడా తేలిక పెల్లెట్‌ను యాభై మీటర్లలో కొన్ని సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. సరుగుడు ఆకు కదలని తెల్లవారు వేళలోనే పరీక్ష పెట్టుకోండి.

చెదురు నిలువుగా ఉంటే

షాట్‌కూ షాట్‌కూ వేగం మారుతోందని అర్థం. పెల్లెట్ల బరువులో తేడా ఉండవచ్చు, లేదా స్కర్ట్ (పెల్లెట్ వెనుక ఉండే పలుచని బోలు అంచు) నొక్కుకుపోయి గాలి పక్కనుంచి జారిపోతూ ఉండవచ్చు. డబ్బాలోని పెల్లెట్లను తెల్లని గుడ్డ మీద పరచి, వెనుక అంచు గుండ్రంగా లేనివాటిని ఏరి పారేయండి. కొరియర్‌లో కుదుపులు తిన్న డబ్బాలో ఇలాంటివి తప్పకుండా దొరుకుతాయి.

ఎటుపడితే అటు చెదిరితే

ముందుగా పెల్లెట్ ముక్కు చూడండి. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడే బల్లపరుపు తల పెల్లెట్ కాగితాన్ని శుభ్రంగా కత్తిరిస్తుంది. అక్కడ పది పాయింట్ల వలయం అర మిల్లీమీటరు చుక్క మాత్రమే కనుక ఆ శుభ్రత అవసరం. కానీ ఆ తల గాలిని ఎక్కువగా ఢీకొంటుంది కాబట్టి ఇరవై ఐదు మీటర్లు దాటాక దానిని నమ్మలేము. దూరానికి గుండ్రని తల పెల్లెట్ కావాలి. మొనదేలినవి, తలలో గుంట ఉన్నవి కార్డు షూటింగ్‌కు అనవసరం.

బరువు విషయంలో మరీ తేలికైనవి కొనకండి. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు అవసరం లేని 4.5 మి.మీ. రైఫిల్ శక్తి 20 జౌళ్లకు మించకూడదు. ఆ పూర్తి శక్తితో 8.44 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) పెల్లెట్ సెకనుకు సుమారు 270 మీటర్ల వేగంతోనూ, 10.34 గ్రెయిన్లది సుమారు 244 మీటర్ల వేగంతోనూ బయలుదేరుతాయి. రెండూ శబ్దవేగానికి తగినంత కిందనే ఉంటాయి. మరీ తేలిక పెల్లెట్ ఆ వేగాన్ని సమీపించి మధ్యదారిలో తడబడుతుంది. శక్తి తక్కువైన స్ప్రింగ్ రైఫిల్‌కు ఎనిమిదిన్నర గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టడం మంచిది.

నన్ను ఏడాదిపాటు తిప్పలు పెట్టిన కారణం

ముక్కు సరైనదే, బరువు సరైనదే, స్క్రూలు బిగుతుగానే ఉన్నాయి. నిన్నటిదాకా యాభై మీటర్లలో రూపాయి బిళ్లంత వచ్చిన గ్రూప్ ఇవాళ టీ గ్లాసు మూతి అంత అయింది. ఇలాంటప్పుడు డబ్బా ఎప్పుడు మార్చారో గుర్తు చేసుకోండి.

ఈ తప్పును నేనే చేశాను. అదే కంపెనీ, అదే పేరు, లేబుల్ మీద అదే తల కొలత, అదే బరువు ఉన్న కొత్త డబ్బా తెరిచాను. గ్రూప్ చెదరగానే మౌంట్లు మార్చాను, బ్యారెల్ శుభ్రం చేశాను, సీలు మార్చాను. చిన్న త్రాసు మీద తూచితే పాత పెల్లెట్, కొత్త పెల్లెట్ గ్రెయిన్‌లో పదో వంతు కూడా తేడా లేకుండా తూగాయి. అందువల్లనే పెల్లెట్ మీద అనుమానం రాలేదు. చివరకు పాత డబ్బా అడుగున మిగిలిన పదిహేను కొట్టి చూస్తే రూపాయి బిళ్ల తిరిగి వచ్చింది.

పేరు ఒకటే అయినా పెల్లెట్లు వేర్వేరు అచ్చుల్లో, వేర్వేరు లాట్లలో (ఒక్కో విడతలో) తయారవుతాయి. తల వ్యాసంలో మిల్లీమీటరులో నూరో వంతు తేడాను త్రాసు పట్టలేదు, బ్యారెల్ పడుతుంది. లేబుళ్ల మీద 4.50, 4.51, 4.52 అని విడివిడిగా వేసేది అందుకే.

దీనిని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్ప్రింగ్ ఎక్కకుండా బ్యారెల్‌ను తెరిచి, పెల్లెట్ తలను బొటనవేలితో లోపలికి జరపండి. నా పాత పెల్లెట్ కొద్దిగా మొరాయించి దిగేది, కొత్తది తన బరువుకే స్కర్ట్ దాకా జారిపోయింది. తరువాత ప్లాస్టిక్ తొడుగున్న క్లీనింగ్ రాడ్‌తో ఒక్కొక్కదానిని మెల్లగా బ్యారెల్ మూతి వైపు తోసి, గుడ్డలోకి పట్టుకొని భూతద్దం కింద చూడండి. పాతదాని తల చుట్టూ రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిక గాళ్లు) గీతలు సమానంగా పడి ఉన్నాయి. కొత్తదానికి ఒక పక్కన మాత్రమే గీతలున్నాయి, రెండో పక్క సీసం నున్నగా మెరుస్తోంది. అంటే తల బ్యారెల్‌లో వదులై ఒక పక్కకు ఒరిగి బయటికి వస్తోంది. ఆ ఒరుగు పది మీటర్లలో కనిపించదు, యాభైలో దాగదు.

పరిష్కారం ఇది. మీ బ్యారెల్‌కు రెండు మూడు తల కొలతల్లో ఒక్కో డబ్బా తెచ్చి, యాభై మీటర్లలోనే పరీక్షించండి. పెల్లెట్ మార్చిన ప్రతిసారీ మొదటి ఇరవై ముప్పై షాట్లను లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే బ్యారెల్‌లో మిగిలిన పాత సీసం పొర సర్దుకోవాలి. ఆ తరువాత ఐదేసి షాట్ల గ్రూపులు కనీసం ఐదు కొట్టి సగటు చూడండి. ఒక్క మంచి గ్రూప్ చూసి సంబరపడితే మళ్లీ మోసపోతారు. నచ్చినది దొరకగానే డబ్బా మీది లాట్ నంబరు రాసుకొని, అదే నంబరువి సంవత్సరానికి సరిపడా ఒకేసారి కొనండి.

మొన్న బొబ్బిలి నుంచి ఒక కుర్రవాడు రైఫిల్ మోసుకొచ్చి "గురూగారూ, స్ప్రింగు పోనాదేమో చూడండి" అన్నాడు. డబ్బా ఎప్పుడు మార్చావని అడిగితే, రైఫిల్ పాడైన రోజే మార్చానన్నాడు. విప్పకుండానే తిరిగి ఇచ్చాను.

బ్యారెల్ వంగడం, మూతి అంచు దెబ్బతినడం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.