రా బార్ పాఠాలు – 3: ఆయిస్టర్‌ని మింగకండి, నమలండి

పోయిన పాఠం చదివి రెస్టారెంట్‌లో రా బార్‌కి (సముద్రపు చిప్పల్ని పచ్చిగా వడ్డించే కౌంటర్) వెళ్లి, ఆయిస్టర్ (చిప్పలో ఉండే మెత్తటి సముద్రజీవి) తినొచ్చిన వాళ్లలో చాలామంది రాసింది ఒకటే: "ఉప్పు తప్ప ఏ రుచీ తెలియలేదు, ఇంతేనా?" ఇంతే కాదు. అందుకే క్లామ్స్ (ఇంకో రకం సముద్రపు చిప్పలు) సంగతి వచ్చేసారికి వాయిదా వేసి, మళ్లీ ఆయిస్టర్ దగ్గరికే వస్తున్నాను.

ఎక్కువమంది వెల్‌ఫ్లీట్‌తో మొదలుపెట్టారు. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ దగ్గర, చల్లటి సముద్రపు నీళ్లలో పెరిగే రకం అది. ఉప్పదనానికే దానికి పేరు. ముందే అది తింటే ఆ తర్వాతవి చప్పగా అనిపిస్తాయి. కుమమోటోతో మొదలుపెట్టండి. చిన్నది, చిప్ప లోతుగా ఉంటుంది, రుచి కాస్త తియ్యన. జపాన్ రకమే అయినా ఇప్పుడు వాషింగ్టన్, కాలిఫోర్నియా తీరాల్లో పెంచుతున్నారు.

ఇక మాత్ర వేసుకున్నట్టు గుటుక్కున మింగేస్తే రుచెలా తెలుస్తుంది? మూడు నాలుగుసార్లు నమలండి. ముందు ఉప్పు తగులుతుంది, నమిలేకొద్దీ తీపి బయటికొస్తుంది, పసిఫిక్ రకాలైతే చివర్లో దోసకాయ వాసన కూడా తెలుస్తుంది. నోట్లో వేసుకునే ముందు చిన్న ఫోర్క్‌తో కండని ఒకసారి కదిపి చూడండి, కింద సరిగా కోయకపోతే చిప్పని పట్టుకునే ఉంటుంది. చిప్పలో నీళ్లు పారబోయకండి, సగం రుచి అందులోనే ఉంది. నీళ్లు లేకుండా కండ ఎండిపోయి వచ్చినా, వాసన తేడాగా ఉన్నా వెనక్కి పంపేయండి, మొహమాటం అక్కర్లేదు.

నాకు బాగా చిరాకు తెప్పించింది మాత్రం కొందరు రాసిన ఈ మాట: "నిమ్మకాయ పిండాం, టబాస్కో (కారపు సాస్) వేశాం, పక్కన వైన్ ఉంది, ఇంక క్రిములేం బతుకుతాయి?" బతుకుతాయండీ. విబ్రియో అనే బ్యాక్టీరియా గోరువెచ్చటి సముద్రపు నీళ్లలో సహజంగానే ఉంటుంది, దానికి మురికితో పనిలేదు. ఆయిస్టర్ ఆ నీళ్లనే వడగట్టుకుని తింటుంది కాబట్టి అది కండ లోపలికి చేరుతుంది. మీరు పిండిన నిమ్మరసం పైపైనే ఉండిపోతుంది. విబ్రియో ఉందో లేదో చూపుకీ వాసనకీ రుచికీ తెలియదు, బాగా ఉడికిస్తేనే అది చస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మకి షుగర్ ఉంది, ఒక్కటి రుచి చూపించొచ్చా అని ఒకరు అడిగారు. వద్దు, ఒక్కటి కూడా వద్దు. షుగర్, లివర్ జబ్బు, తక్కువ ఇమ్యూనిటీ ఉన్నవాళ్లూ గర్భిణులూ పచ్చివి ముట్టుకోకూడదు. అమ్మకి ష్రింప్ కాక్‌టెయిల్ చెప్పండి, రా బార్ మెనూలోనే ఉంటుంది కానీ ఆ రొయ్యలు ఉడికించి చల్లార్చినవి.

ఎప్పుడు తీసినవో అడగడానికి సిగ్గుపడకండి. అమెరికాలో ఆయిస్టర్ సంచికి ఎక్కడ, ఏ తేదీన తీశారో రాసిన ట్యాగ్ ఉంటుంది, సరుకు అయిపోయాక కూడా రెస్టారెంట్ దాన్ని 90 రోజులు దాచాలి. నేనైతే టేబుల్ కాకుండా కౌంటర్ దగ్గరే కూర్చుంటాను, చిప్పలు విప్పే మనిషినే అడగొచ్చు. ఈరోజు ఏది బాగుందో మెనూ కంటే ఆయనకే బాగా తెలుసు.

సాస్‌ల విషయం క్లుప్తంగా: మిన్యొనెట్ (వెనిగర్‌లో సన్నటి ఉల్లి ముక్కలు, మిరియాలు కలిపింది) రెండు చుక్కలు చాలు. కాక్‌టెయిల్ సాస్ (ఘాటైన టమాటా సాస్) రొయ్యలకి వదిలేయండి.

అభ్యాసం: మూడు రకాలు, రెండేసి చొప్పున ఆరు చెప్పండి. ఒకటి పసిఫిక్‌ది, రెండు అట్లాంటిక్‌వి. ప్రతి రకంలో మొదటిది ఏమీ వేయకుండా తిని, ఉప్పు, తీపి, చివరి వాసన మూడూ ఫోన్‌లో రాసుకోండి. తర్వాత ప్లేట్ తిప్పమని పక్కవాళ్లకి చెప్పి, కళ్లు మూసుకుని మిగతా మూడూ గుర్తుపట్టండి. ఏది ఏదనుకుని పొరబడ్డారో నాకు రాయండి, క్లామ్స్ పాఠం అక్కడినుంచి మొదలుపెడతాను.