కాళ్లు తూలుతున్నాయా? నడుము స్కాన్‌కి ముందు చేతులు చూడండి

నొప్పి నడుములోనే ఉండి కాల్లోకి దిగకపోతే చాలాసార్లు అది పట్టేయడమే. కాపడం పెట్టి, మామూలుగా తిరగండి. మంచం ఎక్కితే ఇంకా బిగుస్తుంది. ఎమ్మారై అక్కర్లేదు, ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే సుమారు 30 శాతం మందికి స్కాన్‌లో డిస్క్ ఉబ్బినట్టు కనబడుతుంది.

మోకాలు దాటి పాదం దాకా జివ్వున లాగుతుంటే నరం నొక్కుకుని ఉండొచ్చు. ఎక్కువగా నడుము చివరి రెండు డిస్కుల దగ్గరే ఈ గొడవ. చెప్పులు విప్పి మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయండి. అర నిమిషం పని, ఇది మాత్రం ఎవరూ చేయరు, ఫిల్ములు సంచిలో వేసుకుని ఊరంతా తిరుగుతారు. బలం బాగుంటే చాలామందికి 6 నుంచి 12 వారాల్లో సర్దుకుంటుంది. పాదం లేవకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక అందరినీ బోల్తా కొట్టించేది ఇంకొకటుంది. కాళ్లలో పెద్ద నొప్పి ఉండదు, కానీ అవి మాట వినవు. బిగుసుకుపోతాయి, చీకట్లో తూలుతారు, హవాయి చెప్పు ఎక్కడ జారిందో తెలీదు. కాళ్ల సమస్యే కదా అని నడుముకి స్కాన్ తీస్తారు, అరవై దాటిన నడుములో ఏదో ఒకటి దొరక్క మానదు, దానికి బెల్టు, ట్రాక్షన్ (బరువు కట్టి నడుము లాగడం), ఒక్కోసారి ఆపరేషన్ కూడా అయిపోతుంది, నడక మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే నొక్కుడు ఉన్నది మెడలో, వెన్నుపాము మీద. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది, ఆ కింద ఉన్నవి విడి నరాలు. అవి నలిగితే కాలు నీరసపడుతుంది, మోకాలి కింద సుత్తితో కొడితే అంతగా కదలదు. కాలు బిగుసుకుని, సుత్తి దెబ్బకి ఎగిరిపడుతోందంటే తేడా పైన ఉందన్నమాట.

మెడ నొప్పే లేకపోవచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. చేతుల సంగతి అడగండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, సంతకం మారిందా, మెడ వంచితే వీపులో కరెంటు పాకినట్టుందా? గుప్పిట పూర్తిగా మూసి తెరవమనండి, 10 సెకన్లలో 20 సార్లు రావాలి. రాకపోతే మెడకి ఎమ్మారై తీయించి స్పైన్ సర్జన్‌కి చూపించండి. నొక్కుడు గట్టిగా ఉంటే మా ఫిజియో వ్యాయామాలతో పోదు. ఆపరేషన్ కూడా ముఖ్యంగా ఇంకా దిగజారకుండా ఆపడానికే, పోయిన బలమంతా తిరిగొస్తుందన్న హామీ లేదు, కాబట్టి నెలలు నాన్చకండి. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం ఈ రోజు నుంచే బంద్.

బి12 తక్కువైనా ఇలాగే తూలుతారు, ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. రాత్రిళ్లు నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ ఏమో చూడమని డాక్టర్‌ని అడగండి.