కొనే ముందు, 3వ పాఠం: మధ్యలో పెట్టిన మిక్సీ

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఈ మధ్య కొన్న ఐదు వస్తువులు రాసి, ఇంట్లో బయలుదేరేటప్పుడు అనుకున్న ధర ఒక పక్క, షాపులో ఇచ్చి వచ్చిన ధర ఇంకో పక్క వేయమన్నాను. చేయకపోతే ఇప్పుడైనా రాయండి, ఆ కాగితం చేతిలో లేకపోతే ఇది ఉత్త కబుర్లలా ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడ పుట్టిందో పట్టుకోవడమే ఇవాళ్టి పని.

నాదే చెప్తాను. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక షాపుకి మిక్సీ కోసం పోయాను, మనసులో మూడు వేలు. కుర్రాడు మూడు పెట్టెలు వరసగా పెట్టాడు. 550 వాట్లు, మూడు జార్లు, 2,900. 750 వాట్లు, మూడు జార్లు, 4,600. 750 వాట్లు, నాలుగు జార్లు, 4,800. "అన్నా, ఇంకో రెండొందలేస్తే జ్యూస్ జారు వస్తా ఉంది, ఇంకేం ఆలోచిస్తావన్నా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది, ఇంటికొచ్చేదాకా బేరం నేనే గెలిచాననుకున్నా. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మూడు వేలన్నారు కదా?" ఆ జ్యూస్ జారు ఇప్పటికీ అటక మీదే ఉంది, కవరు కూడా తీయలేదు.

చూడండి, నేను 4,800ని పోల్చింది 4,600తో. 2,900తో కాదు, నేను అనుకుని పోయిన మూడు వేలతో అసలే కాదు. మధ్యలో ఉన్న మిక్సీని ఎవరూ కొనరు, కొనాల్సిన పని కూడా లేదు, పక్కదాన్ని చవకగా చూపించడమే దాని ఉద్యోగం. ఆ కుర్రాడు కావాలనే అలా పెట్టాడో, స్టాకులో అవే ఉన్నాయో నాకు తెలియదు, కానీ పని మాత్రం జరిగిపోయింది. దీన్ని 1982లో హ్యూబర్, పేన్, ప్యూటో అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు కార్లు, బీర్లు, టీవీల లాంటివి కాగితం మీద చూపించి పరీక్షించారు. ఒకదానికంటే ఎందులోనూ మెరుగు కాకుండా, ఏదో ఒకదాంట్లో తీసికట్టుగా ఉన్న మూడోది చేర్చగానే, ఆ ఒకదాన్ని ఎంచుకునేవాళ్లు పెరిగారు.

అయితే ఇది అన్నిచోట్లా పారదు, నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. 2014లో వేరే పరిశోధకులు మళ్లీ చూస్తే, తేడాలు అంకెల్లో రాసి ఉన్నప్పుడు పనిచేసిన ఎత్తు, బొమ్మల్లో చూపించినా నిజంగా రుచి చూపించినా చాలావరకు తేలిపోయింది. రైతు బజారులో మా అమ్మని ఎవరూ బోల్తా కొట్టించలేరు, టమాటా నొక్కి చూస్తుంది, వంకాయ తొడిమ చూస్తుంది. అదే అమ్మ ఫోన్ రీఛార్జికి పోతే రోజుకి రెండు జీబీనా రెండున్నరా అని తికమకపడుతుంది. చేత్తో తాకి తేల్చుకోలేనిచోట మనం పక్కనున్న అంకెని పట్టుకుంటాం.

కాబట్టి చేయాల్సింది ఇది. వరసలో ఇంకోదానికంటే ఎక్కువేమీ ఇవ్వకుండా, ఏదో ఒకటి తక్కువ ఇస్తూ, ధర మాత్రం దాదాపు అంతే ఉన్నది ఏదో వెతకండి. దాన్ని చేత్తో మూసేయండి, నిజంగానే, షాపులో కుర్రాడు నవ్వినా సరే. ఇప్పుడు మిగిలినవాటి తేడా లెక్కేయండి. నా లెక్కలో 1,900 రూపాయలు. దానికి వచ్చేదేంటి? మా ఇంట్లో ఇడ్లీ పిండికి గ్రైండరుంది, మిక్సీతో పని సంగటిలోకి ఊరిబిండికీ, పచ్చళ్లకీ, అప్పుడప్పుడు మసాలాకీ. దానికి 550 వాట్లు చాలు. మీ ఇంట్లో రోజూ పసుపుకొమ్ములు, మిరియాలు ఆడిస్తారనుకోండి, అప్పుడు పెద్దదే సరి, ఆ 1,900 దండగ కాదు.

ఈ వారం పని: మీ ఫోన్‌లో రీఛార్జి ప్లాన్ల పేజీ తెరిచి, మీరు ఎప్పుడూ వేసుకునే ప్లాను పక్కన, దానికంటే కొంచెం తక్కువ ధరకి బాగా తక్కువ డేటా ఇచ్చేది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దాన్ని వేలితో మూసి, పోయిన నెల రోజుకి ఎంత డేటా వాడారో సెట్టింగ్స్‌లో చూసి, మళ్లీ ఎంచుకోండి. ప్లాను మారినా మారకపోయినా ఆ ఐదు వస్తువుల కాగితం మీదే రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ దగ్గర దాంతో పనుంది.