సికింద్రాబాద్‌లో పొద్దున దిగి సాయంత్రం మళ్లీ బండెక్కేవాళ్లకు

మా ఇల్లు సీతాఫల్‌మండిలో. స్టేషన్‌కు దగ్గర కాబట్టి గోదావరి జిల్లాల నుంచి షిర్డీకో, నాందేడ్‌కో వెళ్లే మా చుట్టాలందరికీ ఎంక్వైరీ కౌంటర్ని నేనే. "అక్కా, పొద్దున ఆరింటికి దిగుతాం, సాయంత్రం ఆరున్నరకు బండి. ఈలోపు ఏం చూడొచ్చు?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే వాళ్లే జాబితా చదివేస్తారు. చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, సాలార్‌జంగ్, వీలైతే రామోజీ ఫిల్మ్ సిటీ. ఫిల్మ్ సిటీకే ఒక రోజు చాలదు. మిగతావన్నీ తిరిగితే రోజంతా ఆటోలోనే గడుస్తుంది, ట్రాఫిక్ బాగా చూసినట్టవుతుంది.

నేను చెప్పేది ఒకటే. మూసీ అవతల నయాపుల్ వంతెన నుంచి చౌమహల్లా ప్యాలెస్ దాకా ఉన్న పాతబస్తీ ముక్క చూడండి. మొత్తం రెండు కిలోమీటర్లు ఉంటుందేమో, నడిచి చూసేయొచ్చు. నాలుగు వందల ఏళ్ల హైదరాబాద్‌లో చాలా భాగం అక్కడే ఉంది.

ముందు స్టేషన్ సంగతి. సికింద్రాబాద్ స్టేషన్‌ను పడగొట్టి కొత్తగా కడుతున్నారు. ఆ పని వల్ల కొన్ని బళ్లను వేరే చోట్లకు మార్చారు. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త టెర్మినల్ మొదలైంది. ఇవి కాక కాచిగూడ, నాంపల్లి ఎలాగూ ఉన్నాయి. టికెట్ మీద "హైదరాబాద్ దక్కన్" అని ఉంటే అది నాంపల్లి. దిగే స్టేషన్ ఏది, ఎక్కే స్టేషన్ ఏది అన్నది బయల్దేరే ముందు రోజు మరోసారి చూసుకోండి. చర్లపల్లిలో దిగితే ఊళ్లోకి రావడానికే గంట పైన పక్కన పెట్టుకోవాలి.

రెండు స్టేషన్లూ వేరైతే సామాన్లు దిగిన చోట పెట్టకండి. మోసుకుంటూనే సాయంత్రం ఎక్కే స్టేషన్‌కు వెళ్లి అక్కడి క్లోక్ రూమ్‌లో పెట్టేయండి. పొద్దున అరగంట విసుగు, కానీ సాయంత్రం ట్రాఫిక్‌లో ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తే టెన్షన్ ఉండదు. క్లోక్ రూమ్‌లో టికెట్, గుర్తింపు కార్డు అడుగుతారు. ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. జిప్పులకు వేసే చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొని తెచ్చుకోండి. తాళం లేదని వెనక్కి పంపేస్తే స్టేషన్ బయట అదే తాళానికి రెట్టింపు ఇవ్వాలి. తాడు కట్టిన అట్టపెట్టెలు, ఆవకాయ జాడీల సంచులు తీసుకుంటారన్న ఆశ పెట్టుకోకండి. మా మరదలికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా జాడీ లేకుండా రాదు, అది చివరికి మా ఇంటికే చేరుతుంది. క్లోక్ రూమ్ వాళ్లిచ్చిన రసీదుకు ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి.

స్నానానికి రిటైరింగ్ రూమ్ కావాలంటే రైల్వే వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకోవచ్చు. నలుగురున్న కుటుంబమైతే అదే నయం. దొరక్కపోతే వెయిటింగ్ హాల్లోనే ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని బయటపడండి.

సికింద్రాబాద్ నుంచి పాతబస్తీకి మెట్రో మంచిది. స్టేషన్ ఎదురుగా ఉన్న సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో దిగి, గ్రీన్ లైన్ పట్టుకుంటే నేరుగా ఎంజీబీఎస్, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్. కాస్త నడవగలిగితే సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కండి, బండి మారే పని లేదు. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు ఆటోలో పది పదిహేను నిమిషాలు. మీటరు మీద నడిచే ఆటో కోసం ఎదురుచూడకండి. యాప్‌లో రేటు ఎంత చూపిస్తోందో చూసి, దాన్నిబట్టి బేరమాడండి. ఆర్టీసీలో 8ఏ బస్సు కూడా చార్మినార్ వెళ్తుంది. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా వదిన నిజామాబాద్ నుంచి వస్తే బస్సు తప్ప ఇంకేదీ ఎక్కదు.

ఎనిమిదిలోపు చార్మినార్ చేరాలి. అప్పటికి దుకాణాలు తెరవరు, బళ్లు అడ్డం రావు, కట్టడం పూర్తిగా కనిపిస్తుంది. పదకొండు దాటాక అదే చోట నిలబడి తల ఎత్తాలన్నా ఎవరో ఒకరు తోసేస్తారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన చార్మినార్ ఎత్తు సుమారు 160 అడుగులు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని నిలబడే తాగండి. కూర్చునే వీలు పెద్దగా ఉండదు. టిఫిన్‌కు గుల్జార్ హౌజ్ వైపు రెండు నిమిషాలు నడిస్తే గోవింద్ దోసె బండి. వెన్న ఎక్కువ, తిన్నాక మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు. ఆ చుట్టూ ఉన్న నాలుగు పెద్ద తోరణాలే చార్ కమాన్. వాటి మధ్యలోని గుండ్రటి ఫౌంటెనే గుల్జార్ హౌజ్.

మక్కా మసీదు కూడా ఈ వేళలోనే చూసేయాలి. 1617లో మొదలుపెట్టారు, కుతుబ్‌షాహీల కాలంలో పూర్తి కాలేదు. చివరకు 1694లో, గోల్కొండను గెలిచిన ఔరంగజేబు హయాంలో ముగించారు. కట్టడం మొదలుపెట్టిన వంశం ఒకటి, ముగించినది ఆ వంశాన్ని కూల్చిన చక్రవర్తి. ఆవరణలో అసఫ్‌జాహీల, అంటే నిజాంల సమాధులున్నాయి. నిండుగా ఉండే బట్టలు వేసుకోండి, ఆడవాళ్లకు చున్నీ ఉంటే మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వెళ్లకండి. మా పెద్దమ్మ లాంటి మోకాళ్ల నొప్పులవాళ్లను ఇక్కడి ఆవరణలో పావురాల దగ్గర కూర్చోబెట్టి మిగతావాళ్లు చార్మినార్ ఎక్కి రావచ్చు.

చార్మినార్ పైకి తొమ్మిదిన్నర నుంచి పంపిస్తారు. మెలికలు తిరిగే ఇరుకు మెట్లు, ఎత్తు కూడా ఎక్కువే. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకోవాలి, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కకపోవడమే మంచిది. మొదటి అంతస్తు దాకానే అనుమతి. అక్కడ నుంచి నాలుగు దిక్కులా నాలుగు దారులు తిన్నగా కనిపిస్తాయి. ఊరికి గీసిన మొదటి ప్లాన్ ఏమిటో అక్కడ నిలబడితే మనకే తెలిసిపోతుంది.

పదింటికి చౌమహల్లా తెరుస్తారు. చార్మినార్ నుంచి నడిచి పది నిమిషాలు. అసఫ్‌జాహీల దర్బారు జరిగిన ఖిల్వత్ హాలులో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. పిల్లలుంటే నేరుగా పాత కార్ల దగ్గరికి తీసుకెళ్లండి, పసుపు రంగు రోల్స్ రాయిస్ చూశాక ఇంక అల్లరి చేయరు. ఇక్కడ బాత్రూములున్నాయి. వాడుకోండి, ఎందుకంటే తర్వాత వెళ్లేది లాడ్ బజార్‌కు, అక్కడ ఆ సదుపాయం వెతుక్కోవాల్సిందే.

లాడ్ బజార్ దగ్గర గడియారం చూసుకునే మనిషి ఒకరు మీతో ఉండాలి. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. నిప్పుల సెగ మీద లక్కను మెత్తబరిచి, గాజుకు పట్టించి, చిన్న చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. కొన్ని దుకాణాల్లో మన ముందే చేసి చూపిస్తారు. అడిగితే కాదనరు. కొనేటప్పుడు సైజు తెలిసి ఉండాలి, 2.4, 2.6, 2.8 అని అడుగుతారు. ఊళ్లో వదినకు, పిన్నికి తీసుకెళ్లేట్టయితే వాళ్ల చేతి గాజు ఒకటి పర్సులో వేసుకుని రండి. ఫోన్లో కనుక్కుంటే ఎవరికీ తమ సైజు సరిగ్గా తెలియదు. మొదటి దుకాణంలో రేటు విని, మూడో దుకాణంలో బేరం మొదలుపెట్టండి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి రైల్లో కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టొద్దు.

ముత్యాల సంగతి వేరు. పత్తర్‌గట్టీ పొడవునా ముత్యాల దుకాణాలే. సాయంత్రం బండి పెట్టుకుని ముత్యాలు కొనొద్దని నా సలహా. తొందరలో ఉన్న మనిషిని దుకాణదారు ఇట్టే పసిగడతాడు. ముత్యం మంచిదో కాదో తేల్చుకోవడానికి తీరిక కావాలి. చూడండి, మెచ్చుకోండి, ముందుకు నడవండి.

ఒంటి గంటకు మదీనా చౌరస్తా చేరతారు. బిర్యానీ తినేవాళ్లు షాదాబ్‌కు వెళ్లండి. షిర్డీ ప్రయాణమని నీచు ముట్టనివాళ్లు అక్కడ ఇబ్బంది పడకుండా పళ్లూ మజ్జిగతో సరిపెట్టుకుని, మ్యూజియం అయ్యాక ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్‌కు వెళ్లడం మేలు. రంజాన్ నెలలో పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, పొద్దున టిఫిన్ గట్టిగా తినాలి.

తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియం. అన్ని గదులూ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. మూడు చాలు. మొదటిది ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది, 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ కొని తెచ్చినది. రాతిలో పలచటి తడి ముసుగు ఎలా చెక్కాడో అర్థం కాక మా తమ్ముడు చుట్టూ తిరుగుతూనే ఉండిపోయాడు. రెండోది ఒకే చెక్కలో రెండు వైపులా ఇద్దరు మనుషులున్న బొమ్మ. ఇద్దరూ 'ఫౌస్ట్' అనే జర్మన్ నాటకంలోని పాత్రలు. ముందు నుంచి విర్రవీగే సైతాను మెఫిస్టోఫెలిస్, వెనక పెట్టిన అద్దంలో తల వంచుకున్న మార్గరెట్టా. మూడోది అందరికీ తెలిసిన గడియారం. కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ కొడుతుంటుంది, గంట వేళకు గడ్డపు మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. మధ్యాహ్నం రెండింటికి కొట్టే గంట చూడాలంటే పది నిమిషాల ముందే ముందు వరుసలో ఉండాలి, లేకపోతే జనం తలలు, ఫోన్లు తప్ప ఏమీ కనిపించవు.

బయటికొచ్చాక నయాపుల్ మీద ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడు మూసీని చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, 1908 సెప్టెంబరు 28న ఇదే నది పొంగి ఊరిని ముంచేసింది. అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అలా వచ్చినవే. నా మటుకు నాకు గడియారం కన్నా ఆ చింతచెట్టే గొప్ప.

శుక్రవారం దిగేవాళ్లకు ఈ ప్లాన్ పనికిరాదు. ఆ రోజు సాలార్‌జంగ్‌కూ చౌమహల్లాకూ సెలవు. అప్పుడు గోల్కొండకు వెళ్లండి. సికింద్రాబాద్ నుంచి గంట పైనే పడుతుంది, కోట లోపల మూడు గంటలు కావాలి. కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన బాలాహిస్సార్ మండపంలో వినిపించడం, భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టినందుకు తానీషా కంచర్ల గోపన్నను బంధించిన రామదాసు బందీఖానా, ఈ రెండూ మనవాళ్లకు చాలు. నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. ఎండాకాలమైతే పదకొండుకల్లా కిందికి దిగిపోవాలి.

చేతిలో మూడు గంటలే ఉంటే పాతబస్తీ జోలికి పోవద్దు. సికింద్రాబాద్‌లో దిగినవాళ్లు ఉజ్జయినీ మహంకాళి గుడికి వెళ్లి, దారిలో మోండా మార్కెట్ చూసి రావచ్చు. నాంపల్లిలో అయితే దగ్గర్లోనే పబ్లిక్ గార్డెన్స్, అందులోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నాయి. ఆ మ్యూజియానికీ శుక్రవారం సెలవే. బిర్లా మందిర్ కూడా అక్కడికి దగ్గరే, కానీ ఫోన్లు కింద ఇచ్చేసి వెళ్లాలి.

తిరుగు ప్రయాణం లెక్క వెనక నుంచి కట్టండి. ఆరున్నరకు బండి అంటే ఐదున్నరకు స్టేషన్‌లో ఉండాలి, నాలుగుకల్లా పాతబస్తీ వదలాలి. మధ్యలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ తినడానికి టైమ్ మిగులుతుంది. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ చూడముచ్చటగా ఉంటుంది. అక్కడి నుంచి సుల్తాన్‌బజార్ మెట్రోకు ఆటో చేసుకోండి, సాయంత్రం రోడ్డు మీద సికింద్రాబాద్ దాకా ఆటోలో రావాలనే ఆలోచన మానుకోండి. స్టేషన్ చేరగానే ఒకరు రసీదుతో క్లోక్ రూమ్ క్యూలో నిలబడితే, ఇంకొకరు ప్లాట్‌ఫామ్ నంబరు చూసి రావాలి. రాత్రి భోజనం స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో కట్టించుకోవచ్చు, కాకపోతే ఆ పని సామాన్లు చేతికి వచ్చాకే.