ఎంజీబీలో పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తుంటే

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో పెట్రోల్ గేజ్ తేడా చేయగానే చాలామంది ముందు ట్యాంకు సెండర్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో గేజ్‌కి చెప్పే భాగం) ఆర్డర్ పెట్టేస్తారు. నా లెక్కలో అది చివరి పని. ముందు ఇంజన్ వేడెక్కనిచ్చి, పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ చూడండి. రెండూ తప్పు చూపిస్తున్నాయా, ఒక్కటేనా? సగం కంప్లైంటు అక్కడే తేలుతుంది.

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన కారు ఇది. 1964 చివర్లో ఇంజన్ మారినప్పటి నుంచి ఇందులో వేడితో పనిచేసే స్మిత్స్ కంపెనీ పెట్రోల్ గేజ్ ఉంటుంది. లోపల రెండు లోహాలు అతికిన పట్టీ, దాని చుట్టూ సన్నటి తీగ. కరెంటు ఎక్కువయ్యేకొద్దీ పట్టీ వేడెక్కి వంగుతుంది, ముల్లు లేస్తుంది. తాళం తిప్పగానే ముల్లు తాపీగా పైకి రావడం అందుకే, అది లోపం కాదు. బ్యాటరీ వోల్టేజి పెరిగినా తగ్గినా ముల్లు కదలకుండా, సగటున 10 వోల్టులు ఇవ్వడానికి డాష్ వెనక చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది. అదే స్టెబిలైజర్.

ఒక మెలిక ఉంది. కొన్ని మోడళ్లలో టెంపరేచర్ గేజ్‌కి అసలు వైరే ఉండదు, ఇంజన్ నుంచి సన్నటి రాగి గొట్టం వస్తుంది. అలాంటి కారులో రెండు ముళ్లను పోల్చడం కుదరదు. నేరుగా స్టెబిలైజర్‌నే టెస్ట్ చేయాలి.

రెండు ముళ్లూ ఎక్కువ చూపిస్తే

దాదాపుగా స్టెబిలైజరే. అందులోనూ ముందు దాని ఎర్త్‌ని, అంటే కారు బాడీకి కరెంటు కలిసే చోటుని, అనుమానించండి. ఎర్త్ అందేది డబ్బాను బిగించిన స్క్రూ ద్వారానే. అక్కడ తుప్పో, పెయింటో అడ్డుపడితే లోపలి హీటర్ తీగ పనిచేయదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజి మొత్తం గేజ్‌లకు వెళ్లిపోతుంది. స్క్రూ విప్పి, రేకును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగించండి. పైసా ఖర్చు లేదు.

తగ్గకపోతే ఐ అని రాసి ఉన్న టెర్మినల్‌కీ బాడీకీ మధ్య చిన్న టెస్ట్ బల్బు పెట్టండి. పాత రకం స్టెబిలైజర్ బాగుంటే బల్బు కాసేపు వెలిగి, తర్వాత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మల్టీమీటర్‌లో అంకెలు గెంతుతుంటే కంగారు పడకండి, దాని పద్ధతే అంత. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే డబ్బా మార్చాలి. ఇప్పుడు దొరికే ఎలక్ట్రానిక్ రకం నిలకడగా 10 వోల్టులిస్తుంది, కానీ దానికి ప్లస్, మైనస్ పట్టింపు ఉంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిపింది బ్యాటరీ ప్లస్. తర్వాత ఎవరైనా మార్చేసి ఉండొచ్చు కూడా. బ్యాటరీ దగ్గర చూసి మరీ కొనండి.

రెండూ లేవకపోతే

ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా? అవి కూడా పోతే ఆకుపచ్చ వైర్ల ఫ్యూజు, లేదా ఫ్యూజ్ బాక్సులో పచ్చగా చిలుం పట్టిన క్లిప్పులు. అవి బాగుంటే స్టెబిలైజర్ బి టెర్మినల్‌కు కరెంటు వస్తోందో లేదో చూడండి. బి దగ్గర ఉండి ఐ దగ్గర అసలు లేకపోతే డబ్బా పోయినట్టే.

పెట్రోల్ ముల్లు ఒక్కటే తప్పితే

తాళం ఆపి, సెండర్ నుంచి ఆకుపచ్చ-నలుపు వైరు పీకి, పెట్రోల్ ఆవిరికి దూరంగా బాడీకి కలపండి. కలిపాకే తాళం తిప్పండి, ట్యాంకు దగ్గర నిప్పురవ్వ రాకూడదు. ముల్లు ఫుల్ వైపు నడిస్తే గేజూ వైరూ మంచివే. వెంటనే తాళం కట్టేయండి, ఎక్కువసేపు ఉంచితే గేజ్ తీగ కాలుతుంది. ముల్లు కదలకపోతే వైరు ఎక్కడో తెగింది, లేదా గేజే పోయింది.

ఇక సెండర్ వంతు. ముందు దాని నల్ల ఎర్త్ వైరు శుభ్రం చేయండి. అప్పటికీ బాగుపడకపోతేనే సెండర్ విప్పడం. అది ట్యాంకు పక్క గోడకు ఉంటుంది కాబట్టి ముందు బ్యాటరీ తీసేసి, పెట్రోల్ మొత్తం ఖాళీ చేయాలి. బయటికి తీశాక ఫ్లోట్‌ని (పెట్రోల్ మీద తేలే బుడ్డిని) చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ చేరినట్టు. ట్యాంకు నిండా ఉన్నా ముల్లు కిందే ఉండటానికి కారణం అదే.

టెంపరేచర్ ఒక్కటే ఎక్కువ చూపిస్తే

గేజ్‌ని తిట్టే ముందు థర్మోస్టాట్ హౌసింగ్‌ని (ఇంజన్‌లోంచి వేడినీళ్లు బయటికి వచ్చే చోటుని) ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ఇంజన్ నిజంగానే కాగుతుండొచ్చు. కాకపోతే ఇంజన్‌కి ఉన్న టెంపరేచర్ సెండర్ నుంచి ఆకుపచ్చ-నీలం వైరు తీసేయండి. అయినా ముల్లు పైనే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. కొత్త సెండర్ వేశాక ముల్లు లేవడం మానేసిందంటే మరలకు చుట్టిన టేపు ఎర్త్‌ని ఆపేసి ఉంటుంది. రాగి గొట్టం రకమైతే ఈ టెస్టులేవీ పనికిరావు. గొట్టం విరిగితే లోపలి ద్రవం పోతుంది, ముల్లు చల్లదనం దగ్గరే ఉండిపోతుంది. గేజ్ రిపేరు చేసేవాళ్లకు పంపాల్సిందే.

అన్నీ సరిచేశాక పెట్రోల్ ముల్లు కొంచెం తేడా చూపిస్తుంటే, గేజ్ వెనక బెండు బిరడాలతో మూసిన రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి సన్న స్క్రూడ్రైవర్‌తో ఖాళీ గుర్తునీ ఫుల్ గుర్తునీ సర్దుకోవచ్చు. ఒకటి తిప్పితే రెండోది కాస్త జరుగుతుంది. ముల్లు తాపీగా కదులుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకట్రెండు నిమిషాలు ఆగి చూడండి.