దక్షిణ ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో మంచి బగెట్ (పొడవాటి ఫ్రెంచి రొట్టె) కొనడం ఎలా?

కావలసినవి: గుడ్డసంచి, కొంచెం చిల్లర, పొద్దున్నే లేచే ఓపిక.

దుకాణం వెతకడం తేలికే. బోర్డు మీద 'బులాంజెరీ' (రొట్టెల దుకాణం) అని ఉండాలి. 1998 నాటి చట్టం ప్రకారం పిండి కలపడం, మలచడం, కాల్చడం అక్కడే జరిగితేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. సూపర్‌మార్కెట్ రొట్టెల వైపు చూడకండి. ఇంటికి పది నిమిషాల నడకలో మూడు దుకాణాలు ఎంచుకుని, ఒకే రోజు మూడింట్లోనూ కొని పోల్చండి. ఆన్‌లైన్‌లో స్టార్లు చూసి వెళ్లొద్దు, ఆ స్టార్లు ఎక్కువగా కేకులకు పడినవే. పారిస్‌లో 1994 నుంచీ బగెట్ పోటీ జరుగుతోంది, గెలిచినవాళ్లు ఏడాదిపాటు అధ్యక్షభవనానికి రొట్టెలు పంపుతారు. మంచిదే, కానీ అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి నాలుగు గంటల పైమాటే. మనకు వీధి చివరి దుకాణమే దిక్కు.

అందరూ తప్పు చేసేది కౌంటర్ దగ్గర. ముందు 'బోంజూర్' (నమస్తే) అనండి. అది అనకుండా రొట్టె అడిగితే ముఖం మాడ్చుకుంటారు. తర్వాత 'బగెట్' అనకండి, 'త్రాడిసియోన్' (సంప్రదాయ బగెట్) అని అడగండి. మామూలు బగెట్‌లో అడిటివ్స్ ఉండొచ్చు. 1993 నాటి ఉత్తర్వు ప్రకారం త్రాడిసియోన్‌లో అవి కలపకూడదు, పిండిముద్దను ఫ్రీజ్ చేయకూడదు. ధర కొంచెం ఎక్కువ, ఇవ్వండి.

ఆ వెంటనే 'బియెఁ క్వీత్' అనాలి, అంటే బాగా కాలింది అని. ఈ రెండు మాటలూ మింగేస్తే పాలిపోయిన రొట్టె చేతిలో పెడతారు. ముదురు రంగు చూసి మాడిందనుకుని మనవాళ్లు తెల్లటిదే అడుగుతారు. మొదటి ఆరు నెలలు నేనూ అంతే, పైగా ఫ్రెంచివాళ్లది ఉత్త బడాయి అనుకున్నాను. నిజానికి ఫ్రెంచివాళ్లలోనూ చాలామంది తెల్లటిదే అడుగుతారు. వాళ్లదీ తప్పే. రుచంతా ఆ గోధుమరంగు పెంకులోనే ఉంది.

రొట్టెను మీరు ముట్టుకోకూడదు, కావలసినదాన్ని వేలితో చూపించండి. బయటికొచ్చాక మెల్లగా నొక్కితే చిటపటమనాలి. పైన గాట్లు పెట్టిన చోట అంచులు లేచి ఉండాలి. తుంచి చూడండి: లోపల మీగడ రంగు, చిన్నా పెద్దా కన్నాలు ఉంటే సరైనదే. దూదిలా తెల్లగా, అంతా ఒకేలా ఉంటే పిండిని మరీ ఎక్కువ పిసికారన్నమాట. ఆ దుకాణం పేరు కొట్టేయండి. అడుగున చుక్కచుక్కల వల గుర్తుంటే చిల్లుల ట్రేలో కాల్చారని అర్థం. అది తప్పేమీ కాదు గానీ, నేను మాత్రం పొయ్యి నేల మీద కాలిన చదును అడుగు ఉన్నదే కొంటాను.

కొసముక్క దారిలోనే తినేయండి, ఇక్కడ అందరూ తింటారు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఇంకా త్వరగా గట్టిపడుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెడితే పెంకు మెత్తబడిపోతుంది. మర్నాటికి కర్రలా అయితే నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో ఉప్మా చేసేయండి.